సాంచలు ఆగిన క్లాసు

జగిత్యాలలో టీచర్లకు శిక్షణ జరుగుతుంటే నన్ను రమ్మన్నారు. మా బడిలో కొన్నేళ్లు తెలుగు చెప్పి, తర్వాత సొంత ఊరివైపు బదిలీ మీద వెళ్లిపోయిన టీచరు ఫోన్ చేసింది. "అక్కా, నాటకంతోని పాఠం ఎట్ల చెప్పచ్చో మాట్లాడుతున్నం. నువ్వొచ్చి నీ సంగతి చెప్పాలె" అంది. సిరిసిల్లలో బస్సెక్కి పోయాను. హాలు నిండా టీచర్లు. నా నోటి దగ్గర మైకు పెట్టారు. "నేను బడిలో వంట చేస్తాను. నాటకాలు వేస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. నమస్తే" అని కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక సారు లేచి, ఇట్ల నాటకాలు వేసుకుంటూ పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని టీచరును అడిగాడు. ఆమె ఏదో జవాబు చెప్పింది. నాకు సరిగా వినబడలేదు. ఆ చప్పట్లకు మా ఏడో తరగతి బల్లల మీద పిల్లల అరచేతులు గుర్తొచ్చి, మనసంతా అక్కడికి పోయింది. ఆ సంగతి మైకులో చెప్పడం నావల్ల కాలేదు. రాయడమైతే నెమ్మదిగా రాయవచ్చు, తప్పు పోతే దిద్దుకోవచ్చు.

సిరిసిల్లలో మా బడి సాంచల వాడలో ఉంటుంది. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. బడి ప్రహరీకి ఆనుకుని ఒక కార్ఖానా, రోడ్డు దాటితే ఇంకొకటి, సందులోకి తిరిగితే చాలా ఇళ్ల ముందు గదుల్లో సాంచలే. పొద్దంతా టకటకమని ఒకటే సప్పుడు. కొత్తగా వచ్చినవాళ్లకు తల నొప్పి పుడుతుంది. మాకు మాత్రం కరెంటు పోయి సాంచలు ఆగినప్పుడే చెవుల్లో హోరు మొదలవుతుంది. ఆ సప్పుడులో పుట్టి పెరిగినవాళ్లు గనుక మా పిల్లలు మామూలుగా మాట్లాడినా పక్క సందుకు వినబడుతుంది.

టీచరు వచ్చిన మొదటి రోజు నేను వరండాలో బియ్యం ఏరుతున్నాను. లోపలినుంచి ఆమె గొంతు వినబడింది.

"ఎందుకట్ల మొత్తుకుంటున్నరు? జర మెల్లగ మాట్లాడుండ్రి."

"మేం మెల్లగనే మాట్లాడుతున్నం టీచర్!" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆమె సొంత ఊరు జగిత్యాలలో మామిడికాయల మార్కెట్టు ఉంది, పసుపు ఉంది, మనుషులు ఒకరి మాట ఒకరికి వినబడేలా మాట్లాడుకునే వీధులున్నాయి. పాపం ఆమెకు మా చెవుల సంగతి ఎలా తెలుస్తుంది?

కొన్నాళ్లకే ఆమె పాఠం చెప్పే తీరు వేరని తెలిసింది. ఒకరోజు బల్లలన్నీ ఒకదాని వెనుక ఒకటి పెట్టించి బస్సు చేసింది. ఒక పిల్లకు కండక్టరు వేషం. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, తెలియనివాళ్లతో ఎలా, కోపంగా ఉన్నవాళ్లతో ఎలా అన్నది ఆ బస్సులోనే నేర్పింది. ఇంకోరోజు పిల్లలే సముద్రమయ్యారు, ఎండ అయ్యారు, మబ్బయ్యారు. మబ్బయిన పిల్లవాడు కురవనని మొండికేస్తే క్లాసంతా వాణ్ని బతిమాలింది. అన్నం దించి వచ్చి నేను కిటికీ దగ్గర నిలబడిపోయేదాన్ని.

అందరికీ అది నచ్చలేదు. ఒక తల్లి బడికే వచ్చి, "మేం పోరగాండ్లను తోలేది సదువుకోతందుకా, యేషాలేసేతందుకా?" అని అడిగిపోయింది. పెద్దసారు కూడా ఆ క్లాసు ముందు నుంచి నడుస్తూ ఒకసారి తొంగిచూసి, ఏమీ అనలేక, దగ్గి వెళ్లిపోయేవాడు. ఆయన వస్తున్నాడని తెలియగానే పిల్లలు మీసం మెలేసినట్టు వేళ్లు తిప్పి ఒకరికొకరు చెప్పుకునేవారు. అది కార్ఖానా సైగ. ఆసామి, అంటే సాంచల యజమాని, వస్తున్నాడని అర్థం. సాంచల మధ్య మాట వినబడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. చాయ్ కావాలంటే బొటనవేలు నోటివైపు వంచుతారు. పోగు తెగిందంటే రెండు వేళ్లు కలిపి విడదీస్తారు. మా ఆయన ఇన్నేళ్లు సాంచలు నడిపి చెవులు మందగించి, ఇప్పుడు ఇంట్లో నన్ను కసురుకోవడం కూడా చేతులతోనే కసురుకుంటాడు. పెద్దసారుకు మీసాలు లేవు. అయినా ఆయన సైగ అదే. టీచరుకు ఆ సంగతి చాలా రోజులు తెలియలేదు.

నా పుట్టిల్లు కోరుట్ల. ఇంట్లో ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవారు. నా ఈడు పిల్లలు పలక పట్టుకునే వేళకు నా ఒడిలోకి చాట వచ్చింది. చాటలో కోసిన తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఒకసారి ఒడిలోకి వచ్చిన చాటను ఎవరూ తీయరు. మా అమ్మ తీయలేదు, నాన్న తీయలేదు. వాళ్లకు నా మీద ప్రేమ లేక కాదు. పిల్ల చేతులు పనికి అలవాటు పడ్డాక ఇంట్లో అందరి కళ్లకూ అదే మామూలైపోతుంది. పెళ్లయి సిరిసిల్ల వచ్చినప్పుడు చాట కూడా నాతోనే వచ్చింది. పిల్లల్ని కన్నాను, పెంచాను, చాట దిగలేదు. బడిలో వంట పని దొరికాకనే దాన్ని గోడకు ఆనించాను. అప్పటికి నా తలలో తెల్ల వెంట్రుకలు వచ్చేశాయి.

ఒకరోజు అన్నం అయిందని చెప్పడానికి గరిటె పట్టుకుని ఏడో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. ఆ రోజు పాఠంలో ఒక ముసలవ్వ ఉంది. ఆ వేషం నువ్వంటే నువ్వని ఆడపిల్లలు ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"అక్కా, నువ్వు రా. ముసలవ్వవు నువ్వే" అంది టీచరు.

"నేనా? నాకింక పండ్లూడలె టీచర్."

పిల్లలు పడిపడి నవ్వారు.

"ఉత్త యేషమే గదనక్కా."

"నాకు సదువు రాదు."

"నోరొస్తది గదా. గది చాలు."

ఆ నవ్వుల మధ్య ముందు బల్ల నుంచి ఒక పిల్ల లేచింది. "పెద్దమ్మా, నేను చదివి పెడ్త. నువ్వు యాదికి పెట్టుకో" అంది. బడి వెనక కార్ఖానాలో వాళ్ల నాన్న సాంచలు నడిపేవాడు. సెలవు రోజుల్లో సద్ది డబ్బా పట్టుకుని ఆ పిల్ల కార్ఖానాకు పోవడం నేను చూస్తుండేదాన్ని. పొట్టి జడలు, పెద్ద గొంతు.

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్ల వంటగది మెట్టు మీద కూర్చుని నా మాటలు చదివేది. నేను గిన్నెలు తోముతూ వెంట పలికేదాన్ని. "నువ్వు చెప్తలేవు పెద్దమ్మా, పాడుతున్నవ్" అని వెక్కిరించేది. నాటకం కాగితంలో ఎవరి మాట ముందు వాళ్ల పేరు రాసి ఉంటుంది. నా వంతు వచ్చినప్పుడల్లా వేలు పెట్టి, "ఇగో, అవ్వ. ఇది నువ్వు" అని చూపించేది. కొన్ని రోజులకు ఆమె వేలికంటే ముందే నా కన్ను అక్కడికి పోవడం మొదలైంది. నాటకం వెంట నాటకం వేయించింది టీచరు. ప్రతిదాంట్లో ఎక్కడో ఒక అవ్వను పెట్టేది. మాటలు నాకు నోటికి ముందే వచ్చు. కాగితం మీద ఏది ఏ మాటో కళ్లకు తర్వాత తెలిసేది. అవ్వలో ఉన్న అ, అన్నంలోనూ ఉందని, అక్కలోనూ ఉందని ఆ పిల్లే చెప్పింది. "అ నీది పెద్దమ్మా. యాడున్నా పట్టుకో" అనేది. కూరగాయలకు పోయినప్పుడు దుకాణాల బోర్డుల మీద నా అ కోసం చూసుకుంటూ నడిచి, ఒకరోజు సైకిలు మీద వచ్చేవాడి కింద పడబోయాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి కార్ఖానాలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, పాడె లేచి వీధిలోకి రాగానే మొదటి ఇంట్లో సాంచ ఆపుతారు. పాడె ముందుకు కదిలేకొద్దీ తర్వాతి ఇల్లు, ఆ తర్వాత దాని పక్కిల్లు. పాడె దాటిపోయాక వెనకనుంచి ఒక్కొక్కటే మళ్లీ మొదలవుతాయి. ఎవరూ చెప్పరు, ఎవరూ సైగ చేయరు. బతికినన్నాళ్లూ ఆ సప్పుడులో పనిచేసిన మనిషికి మేం చేసే మర్యాద అది. ఆ పిల్ల తండ్రికీ అలాగే ఆగాయి. నేను కొంగు కప్పుకుని మా గుమ్మంలో నిలబడ్డాను. మా ఎదురింటి సాంచ ఆగింది, పాడె దాటింది, సాంచ మళ్లీ మొదలైంది.

దినాలయ్యాక ఆ పిల్ల బడికి వచ్చింది. అదే బల్ల మీద కూర్చుంది. అడిగితే జవాబు చెప్పేది. నా మాటలు చదివి పెట్టడం మానలేదు. కాని ఒకప్పుడు వాడంతా వినబడిన గొంతు, పక్కనే కూర్చున్న నాకే అందేది కాదు. వాళ్లమ్మ బీడీల ఆకు ఇదివరకటికంటే ఎక్కువ తెచ్చుకుంటోందని విన్నాను. ఎక్కువ ఆకు తెచ్చిన ఇంట్లో ఇంకో చాట కూడా తయారవుతుంది.

అప్పుడే టీచరు పనుల మీద పాఠం మొదలుపెట్టింది. మన వాడలో ఎవరు ఏం పని చేస్తారో నాటకం కడదామంది. పిల్లలు సాంచల నాటకమే కావాలన్నారు. వాళ్లకు తెలిసింది అదే కదా. టీచరు కూర్చుని మాటలు రాసింది. కార్ఖానాలో పనిచేసే కొడుక్కు సద్ది తెచ్చే అవ్వను నేను. కొడుకు వేషం ఇంకో పిల్లవాడికి ఇచ్చింది. ఆ పిల్ల మనసు తెలిసి ఆమెకు ఏ వేషమూ ఇవ్వలేదు. "నువ్వు బోర్డు దగ్గర కాగితం పట్టుకుని నిలబడు. ఎవరన్న మర్చిపోతే అందియ్యి" అని చెప్పింది.

మా ఏడో తరగతికి గుమ్మం వెనకవైపు ఉంటుంది. బోర్డు ముందువైపు. పిల్లలంతా బల్లల మీద అరచేతులతో కొడుతూ సాంచలయ్యారు. వాళ్లకు నేర్పనక్కరలేదు. కళ్లు మూసుకుంటే కార్ఖానాలో ఉన్నట్టే ఉంది. నేను సద్ది డబ్బా మీద తెల్ల తువ్వాలు కప్పి, నెత్తిన కొంగుతో గుమ్మంలో నిలబడ్డాను. టీచరు చెయ్యెత్తి, "అవ్వ మాట ఇనవడాలె. ఇగ మెల్లగ ఆపుండ్రి" అంది.

నేను అడుగు లోపల పెట్టాను. గుమ్మం పక్క బల్ల ఆగింది. ఇంకో అడుగు వేశాను. దాని ముందు బల్ల ఆగింది. నేను నడుస్తుంటే నా పక్కన ఒక్కో బల్ల ఆగుతూ వచ్చింది. పిల్లలు నావైపు చూడటం లేదు, తలలు దించుకున్నారు. ఎందుకు దించుకున్నారో వాళ్లకే తెలియదు. సగం దూరం వచ్చాక నాకు అర్థమైంది. నా కాళ్లు ఆగిపోవాల్సింది, కాని ఆగలేదు. ఆగితే ఇంకా ఘోరంగా ఉంటుందనిపించింది. నేనొచ్చే దారిలో బోర్డు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. చివరి బల్ల ఆగింది.

ఆమె కాగితాన్ని టీచరు బల్ల మీద పెట్టింది. చాక్‌పీసు డబ్బా బరువుగా పెట్టింది, గాలికి పోకుండా. తర్వాత నా పక్కనుంచి, బల్లల మధ్యనుంచి నడిచి గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఏడవలేదు. సంచి కూడా తీసుకోలేదు.

గోడ అవతల కార్ఖానాలో అసలు సాంచలు నడుస్తూనే ఉన్నాయి.

"ఏమైంది? ఎందుకు పోయింది?" అని టీచరు అందరి ముఖాలూ చూసింది.

ఒక పిల్ల మెల్లగా చెప్పింది. "టీచర్, శవాన్ని తీస్కపోయేటప్పుడు గిట్లనే ఆపుతరు."

టీచరు ముందు బల్ల మీద కూర్చుండిపోయింది. ఆ పద్ధతి ఆమెకు తెలియదు. తెలిసిన మాకైనా ముందు తట్టలేదు. ఆ క్లాసులో చేతులకు తప్ప ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. టీచరు నన్ను తోడు తీసుకుని వాళ్లింటికి పోయింది. వాళ్లమ్మ కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. పిల్ల లోపలి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఒడిలో చాట ఉంది. నేను అనుకున్నంతా అయింది.

"తప్పైంది బిడ్డా. నాకెరుకలేకపాయె" అంది టీచరు.

పిల్ల తల ఎత్తలేదు. కత్తెర ఆకును కోస్తూనే ఉంది.

"మీ తప్పేం లేదు టీచరమ్మా" అంది తల్లి. "పిల్లనే రానంటుంది. ఉండనియ్యుండ్రి. ఇంట్ల నాకాసరైతది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మా అమ్మ కూడా ఒకప్పుడు ఇలాగే, ఇంతే నెమ్మదిగా ఎవరితోనో అని ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు టీచరు, "నాటకాలు బంజేస్త అక్కా. పుస్తకం చదివి అర్థం చెప్పుడే నయ్యం" అంది. అన్నట్టే చేసింది. బల్లలు మళ్లీ వరసగా నిలబడ్డాయి. క్లాసులోంచి పుస్తకం చదివే గొంతు ఒక్కటే వినబడేది. మబ్బయిన పిల్లవాడు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేవాడు. వంటగది మెట్టు ఖాళీగా ఉంది. నా అక్షరాలు కూడా అక్కడే ఆగిపోయాయి. అయితే నాకు అక్షరాల మీద బెంగ అంతగా లేదు. ఆలస్యమైతే అయింది, నాకు అలవాటే. ఆ చాట ఎన్ని రోజులు ఆ ఒడిలో ఉంటే ఇక దిగదో నాకు తెలుసు. అదే నన్ను నిలవనివ్వలేదు.

ఒక ఆదివారం నాటకం కాగితం మడిచి రొంటిన పెట్టుకుని ఒక్కదాన్నే పోయాను. తల్లీ బిడ్డా ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. నేను ఎవరినీ అడగకుండా పిల్ల ముందు కూర్చుని, ఆమె ఒడిలోని చాటను నా ఒడిలోకి జరుపుకున్నాను.

"ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా?"

"కాళ్లు తిమ్మిరెక్కి ఉంటయి, జర చాపుకో. నా మాటలు నాకు నోటికి రాలె. నువ్వు చదివి పెట్టు. నీ బీడీలు నేను జేస్త."

తల్లి నన్ను ఎగాదిగా చూసింది. "ఓ అక్కా, నీకింక అస్తదా? నువ్వు లావు లావు జేసిపెడితే బీడీ కంపెనోళ్లు తీస్కొనే తీస్కోరు. మల్ల నన్నంటరు."

"కోరుట్ల చేతులు చెల్లె ఇవి. యాడికి పోతయి?"

మొదటి బీడీ వదులైంది. తల్లి దాన్ని తీసి, విప్పి, నవ్వకుండా నా చాటలో పడేసింది. "కోరుట్ల చేతులట" అంది. రెండోది పర్వాలేదనిపించింది.

పిల్ల కాగితం విప్పింది. మెల్లగా చదివింది. నేను వెంట పలికాను. కొన్ని మాటలయ్యాక ఆగిపోయింది. కాగితం వైపే చూస్తూ మాట్లాడింది.

"పెద్దమ్మా, ఆ రోజు నన్ను గడప దాటనియ్యలె. ఆడివిల్లవు, ఇంట్లనే ఉండుమన్నరు. మూల మలిగినంక డప్పు సప్పుడు ఇనవడలె. సాంచలు ఆగుడు మాత్రం ఎరుకైంది. ఒక్కొక్కటి ఆగుతుంటె సప్పుడు పల్చగైతది గదా. గిప్పుడు నాయిన కిరాణం కాడున్నడు, గిప్పుడు బడి కాడున్నడు అనుకుంట నిలవడ్డ. ఇంకింత దూరం పోతుంటె, గంతల్నే మా పక్కింటి సాంచ మల్ల మొదలైంది. దాని ఎనుక ఇంకోటి. ఇగ గా సప్పుడుల నాయిన యాడున్నడో ఎరుకలేదు."

తల్లి చేతులు ఆగాయి.

"క్లాసుల నువ్వు నా దిక్కే అస్తున్నవ్. అన్ని ఆగినయి. మల్ల మొదలయితయని భయమైంది. అందుకే ఇంటికచ్చిన."

ఆకు మడిచాను, తంబాకు వేశాను, చుట్టాను, దారం కట్టాను. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ కత్తెర తీసుకుంది.

పిల్లే మళ్లీ కాగితం చూసింది. "ఇది తప్పుంది పెద్దమ్మా."

"ఏది?"

"నువ్వు కార్ఖానల నోటితోని మాట్లాడుతున్నవ్. ఎవలికి ఇనవడుతది? నేను సద్ది తీస్కపోతే నాయిన ఎన్నడు సాంచ ఆపలె. ఆపుతె పని పోతది గదా. చేతులతోనే చెప్పేటోడు."

"ఏం చెప్పేటోడు?"

ఆమె చెయ్యి ఎత్తింది. నావైపు చూపించి, వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోయి, కనుబొమలు పైకి లేపింది. నువ్వు తిన్నావా? తర్వాత అరచెయ్యి కిందికి దించింది. అక్కడ పెట్టు. చివర్న వేళ్లు విదిల్చింది. ఇగ పో, ఇంట్ల అమ్మ సూస్తది. ఆ విదిలింపులో ఒక చిన్న ఆట ఉంది, చిటికెన వేలు కాస్త వెనకబడి కదిలింది. తల్లి బీడీ చుట్టడం ఆపి, పోయిన మనిషి చెయ్యే కనబడ్డట్టు ఆ వేలినే చూస్తోంది.

"టీచరుకు ఈ ముచ్చట ఎరుకలేదు. నువ్వు పోయి చెప్పు" అన్నాను.

"నువ్వే చెప్పు."

"నేను జెప్తే ఏం ఫాయిద? నాటకాలే బందువెట్టింది."

పిల్ల నావైపు తిరిగింది. "బందువెట్టిందా? నా వల్లనా?"

"గది ఆమెనే అడుగు."

పిల్ల వాళ్లమ్మను చూసింది. తల్లి నా ఒడిలోని చాటను తన దగ్గరికి లాక్కుంది. "రేపొక్కరోజు పోయి చెప్పిరా" అంది.

ఆ పిల్ల వచ్చింది. టీచరు చాక్‌పీసు చేతిలో పట్టుకుని నిలబడి, ఆమె చెప్పిందంతా విన్నది. రాసిన మాటల కాగితాలన్నీ మడిచి పక్కన పెట్టింది. "అయితే నాకు కూడ నేర్పుండ్రి" అంది. పిల్లలు ఒక్కో సైగ చూపించారు. చాయ్ కావాలి, పోగు తెగింది, కండెలో నూలు అయిపోయింది. మీసం మెలేసే సైగ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పరు, అందరూ ముసిముసిగా నవ్వుతారు. చివరికి మబ్బు పిల్లవాడు చెప్పేశాడు.

"అంటే ఇన్నొద్దుల సంది పెద్దసారు అస్తుంటె నా ముంగటనే..." అని టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒక్కరోజన్నది ఒక్కరోజుతో అయిపోలేదు. సైగలు నేర్పడం ఉంది, ఎవరు ఏ సాంచ దగ్గర నిలబడాలో చూసుకోవడం ఉంది. సాయంత్రం ఇంటికి పోగానే తల్లి, "అయిపాయెనా?" అని అడిగేదట. "ఇంక గాలె" అనేదట ఆ పిల్ల. కొడుకు వేషం ఎవరికని టీచరు అడిగితే, "నేనేస్త" అంది.

నాటకం వేసిన రోజు ఎవరినీ పిలవలేదు. మామూలు పీరియడు. పిల్లలు బల్లల మీద కొట్టడం మొదలుపెట్టారు. నేను డబ్బా మీద తువ్వాలు కప్పుకుని గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. ఈసారి ఒక్క బల్ల ఆగలేదు. నేను నడుస్తున్నంతసేపూ నా రెండు పక్కలా సప్పుడు నడిచింది. ఆ పిల్ల నాకు వీపు పెట్టి, వంగి, లేని పోగును సరిచేస్తోంది. భుజం మీద తట్టాను. తిరిగింది. చెయ్యెత్తి, వేళ్లు నోటి దగ్గర పెట్టి, కనుబొమలు లేపింది.

నేను జవాబు చెప్పాలి. ఇంతలో ఆమె కళ్లు నా భుజం మీదుగా కిటికీ వైపు పోయాయి. నేనూ తిరిగి చూశాను. బీడీల మూట చంకన పెట్టుకుని వాళ్లమ్మ కిటికీ బయట నిలబడి ఉంది. అప్పగించడానికి పోతూ ఎప్పుడు ఆగిందో తెలియదు.

పిల్ల చెయ్యి దించలేదు. అదే సైగ, అదే తీరుగా, తల్లివైపు చేసింది. నువ్వు తిన్నావా?

సప్పుడు ఆగలేదు. తల్లి మూటను ఇంకో చంకకు మార్చుకుంది. ఖాళీ అయిన చెయ్యి కాస్త పైకెత్తి, తిన్నానని ఊపింది. పిల్ల వేళ్లు విదిల్చింది. చిటికెన వేలు వెనకబడి కదిలింది. ఇగ పో. తల్లి కదలలేదు. అన్నం బెల్లు కొట్టేదాకా అక్కడే నిలబడింది. బెల్లు వినగానే పిల్లలు బల్లల మీదినుంచి చేతులు తీసి, ఎప్పటిలాగే తోసుకుంటూ పళ్లాల కోసం ఉరికారు.

మధ్యాహ్నం టీచరు అందరికీ కాగితాలిచ్చింది. చేతులు ఏం మాట్లాడుకున్నాయో ఎవరికి తోచింది వాళ్లు రాయమంది. నాకూ ఒకటిచ్చింది. వంటగది మెట్టు మీద కూర్చుని రాశాను. "అన్నం తెచ్చిన. తిను." నా సొంతంగా నేను రాసిన మొదటి మాటలు అవే. చ కింద ఒత్తు ఎలా పెట్టాలో తెలియక వదిలేశాను. ఆ పిల్ల ఏం రాసిందో నేను చూడలేదు. చాలాసేపు రాసింది.

బడి వదిలే వేళకు వాళ్లమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో మూట లేదు. గేటు దగ్గర నిలబడి బిడ్డ బయటికి వచ్చేదాకా ఆగింది.

"అయిపాయెనా?" అని అడిగిందట.

"నాటకం అయిపోయింది" అందట పిల్ల.

తల్లి కాసేపు బడి వైపు చూసింది. "మరి రేపేం పాఠమట?"

రోడ్డు అవతల సాంచలు నడుస్తున్నాయి. ఆ పిల్ల జవాబు చెప్పింది. వంటగదిలో గిన్నెలు బోర్లిస్తున్న నాకు కూడా వినబడింది.